ఒకే ఇంట్లో ఒకరికి సోకి మరొకరికి సోకకపోవడం: హెచ్ఐవీ, పుట్టుకతో వచ్చే రోగనిరోధక తేడాలు

హన్మకొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నాకు, రోగనిరోధక వ్యవస్థ పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ తరగతిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి తరగతి ముగిశాక వరండాలో ఎదురవుతుంది. "మేడం, మా ఊళ్లో ఒకాయనకు హెచ్ఐవీ ఉన్నదని ఏండ్ల కిందనే తెలిసింది, ఆయన భార్యకు మాత్రం ఎప్పుడు పరీక్ష చేసినా నెగెటివే వస్తున్నది, అదెట్ల?" అని అడిగే విద్యార్థి గొంతులో కుతూహలం కంటే ఎక్కువే ఉంటుంది. ఆ ఒకాయన చాలాసార్లు దగ్గరి చుట్టమే అయి ఉంటాడని నాకు అర్థమవుతూనే ఉంటుంది. ఈ ప్రశ్నకు మన ఊళ్లలో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఆమె రక్తం గట్టిది, ఆమె పుట్టింటి వాళ్లకు జబ్బులంటవు అనేది ఒకటి. ఆ భార్యాభర్తల కాపురం గురించి నోటికి వచ్చినట్టు ఊహించడం రెండోది. రెండోదాని గురించి మాట్లాడవలసిన పని లేదు. మొదటిదానిలో మాత్రం శాస్త్రవేత్తలు నలభై ఏళ్లుగా వెతుకుతున్న ఒక నిజం తాలూకు నీడ ఉంది. మనుషులందరి రోగనిరోధక వ్యవస్థ ఒకే తీరుగా ఉండదు, తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల్లోని తేడాల వల్ల హెచ్ఐవీ కొందరికి అసలు సోకదు, కొందరిలో సోకినా ఏళ్ల తరబడి అణిగి ఉంటుంది, ఇంకొందరిలో తొందరగా ముదురుతుంది. అయితే ఆ తేడాలు ఎక్కడ పనిచేస్తాయి, ఎంతవరకు పనిచేస్తాయి, మన ప్రాంతపు మనుషుల విషయంలో వాటికి ఎంత వర్తింపు ఉంది అన్నవి తెలియకుండా "రక్తం గట్టిది" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

జన్యువుల దగ్గరికి వెళ్లే ముందు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. భార్యాభర్తల్లో ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్ అయినప్పుడు దానికి వారసత్వమే కారణమని అనుకోనవసరం లేదు, చాలా సందర్భాల్లో అది కారణం కాదు కూడా. హెచ్ఐవీ సులువుగా అంటుకునే వైరస్ కాదు. స్త్రీ పురుషుల మధ్య ఒక్క కలయికలో అది సోకే అవకాశం సగటున వెయ్యిలో ఒక వంతు కంటే తక్కువ. ఆ సగటు కూడా రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందన్న దాన్ని బట్టి, అంటే హెచ్ఐవీ మందులిచ్చే మన ఏఆర్‌టీ కేంద్రాల్లో అందరూ అనే వైరల్ లోడ్‌ను బట్టి, విపరీతంగా పెరుగుతుంది, తగ్గుతుంది. ఉగాండాలోని రకాయి జిల్లాలో ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్ అయిన 415 జంటలను పరిశీలించి 2000లో వెలువరించిన అధ్యయనంలో, మిల్లీలీటరు రక్తంలో 1,500 కంటే తక్కువ వైరస్ ప్రతులు ఉన్న వారి నుంచి జీవిత భాగస్వామికి ఒక్కసారి కూడా వైరస్ సోకలేదు. చెన్నై, పుణె నగరాలతో సహా తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన మరో అధ్యయనం, వెంటనే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకే ముప్పు 96 శాతం తగ్గుతుందని 2011లో తేల్చింది. ఆ తరువాత యూరప్‌లో జరిగిన పరిశీలనల్లో, మందులు క్రమంగా వాడి వైరల్ లోడ్ కనిపించని స్థాయికి తగ్గిన వారి నుంచి భాగస్వామికి వైరస్ చేరిన సందర్భం ఒక్కటీ నమోదు కాలేదు. కాబట్టి నా దగ్గరికి వచ్చే ఆ ప్రశ్నకు నేను ఇచ్చే మొదటి జవాబు భార్య వంశం గురించి ఉండదు. భర్త మందులు మానకుండా వేసుకుంటున్నాడేమో కనుక్కోమంటాను.

ఇక వారసత్వం విషయం. హెచ్ఐవీ మన తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన సహాయక టీ కణాల్లోకి దూరి అక్కడ తన సంఖ్యను పెంచుకుంటుంది. ఆ కణాల మీద ఉండే సీడీ4 అనే ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి వెళుతుందని 1984లోనే తెలిసింది. కానీ సీడీ4 ఒక్కటే చాలదని, వైరస్‌కు కణం మీద మరో ప్రొటీన్ ఆసరా కూడా కావాలని ప్రయోగశాలల్లో కనిపిస్తూ వచ్చింది. ఆ రెండో ఆసరా ఏదో 1996లో బయటపడింది. కొన్ని రకాల వైరస్‌లకు అది సీఎక్స్‌సీఆర్4, ఎక్కువ వాటికి, ముఖ్యంగా ఒకరి నుంచి ఒకరికి సోకే దశలో ఉన్న వాటికి, అది సీసీఆర్5. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సి ఉపరకం వైరస్ ప్రధానంగా సీసీఆర్5 మీదే ఆధారపడుతుంది. నిజానికి ఈ ప్రొటీన్ వైరస్ కోసం పుట్టింది కాదు. వాపు వచ్చిన చోటికి తెల్లకణాలను పిలిచే రసాయన సంకేతాలను అందుకోవడం దాని అసలు పని.

అదే ఏడాది ఆగస్టులో మరో ఆశ్చర్యకరమైన సంగతి వెలుగులోకి వచ్చింది. వైరస్‌కు పదే పదే గురై కూడా సోకని కొందరి రక్తాన్ని పరీక్షిస్తే, వాళ్ల సీసీఆర్5 జన్యువులో 32 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి లేదని తేలింది. ఆ ముక్క లేకపోవడంతో జన్యువును చదివే క్రమమే తప్పిపోయి, ప్రొటీన్ సగంలో ఆగిపోతుంది, కణం ఉపరితలానికి చేరనే చేరదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఇలా రెండు ప్రతులూ ఈ లోపంతోనే వచ్చిన వారి కణాల మీద సీసీఆర్5 ఉండదు కాబట్టి దాని ఆసరాతో దూరే వైరస్ లోపలికి పోలేదు. న్యూయార్క్‌కు చెందిన స్టీవ్ క్రోన్ అనే చిత్రకారుడు తన సహచరుడినీ ఎందరో మిత్రులనూ ఎయిడ్స్‌కు పోగొట్టుకుని, తాను మాత్రం ఎందుకు మిగిలానో తెలుసుకోమని స్వయంగా పరిశోధకుల దగ్గరికి వెళ్లాడు. ఆయన కణాలకు ప్రయోగశాలలో వైరస్‌ను ఎక్కించాలని ప్రయత్నించినా అది ఎక్కలేదు. డెల్టా 32 అని పిలిచే ఈ మార్పు గురించి మనకు తెలిసినదానిలో ఆయన రక్తం పాత్ర పెద్దది. ఆయన 2013లో మరణించాడు. మిగిలిపోయిన వాడి దుఃఖం ఎలాంటిదో ఆయన జీవితం గురించి చదివినప్పుడు నాకు తెలిసింది.

ఒక్క ప్రతి మాత్రమే ఈ మార్పుతో ఉన్నవారికి వైరస్ సోకుతుంది, కానీ వారి కణాల మీద సీసీఆర్5 తక్కువగా ఉండటం వల్ల జబ్బు ముదరడానికి పట్టే కాలం సగటున రెండేళ్ల వరకు పెరుగుతుంది. రెండు ప్రతులూ ఉన్నవారి రక్షణ కూడా సంపూర్ణం కాదు. సీఎక్స్‌సీఆర్4 ఆసరాతో దూరే వైరస్ సోకిన కొద్దిమంది వారిలోనూ ఉన్నారు.

ఇక్కడ మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసింది ఉంది. డెల్టా 32 ఉత్తర యూరప్ సంతతిలో ఎక్కువ. యూరప్ మొత్తం మీద చూస్తే ఈ జన్యువు ప్రతుల్లో పదింట ఒకటి ఇలా ఉంటుంది, రెండు ప్రతులూ ఉన్నవారు నూటికి ఒకరు. ఆఫ్రికాలో, తూర్పు ఆసియాలో ఇది దాదాపు లేదు. మన దేశంలో అనేక జనసమూహాల రక్తాన్ని పరీక్షించిన అధ్యయనాల్లో చాలా సమూహాల్లో ఇది అసలు కనిపించలేదు, కనిపించిన చోట కూడా బహు అరుదు. అంటే ములుగులోనో జగిత్యాలలోనో ఉన్న ఒక ఇల్లాలికి ఏళ్ల తరబడి వైరస్ సోకలేదంటే, దానికి డెల్టా 32 కారణమని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు. ఈ జన్యువు కథ మన పత్రికల్లోనూ యూట్యూబ్‌లోనూ ఎంతగా ప్రచారమైందో, ఈ చిన్న వివరం అంతగానూ మరుగున పడింది. అందుకే నేను దీన్ని తరగతిలో నొక్కి చెబుతాను.

హెచ్ఐవీ చింపాంజీల నుంచి మనుషుల్లోకి వచ్చి నూరేళ్లు దాటి కొద్ది కాలమే అయింది. డెల్టా 32 మాత్రం వేల ఏళ్ల నాటిది. కాబట్టి అది హెచ్ఐవీని ఎదుర్కోవడానికి పుట్టిందీ కాదు, హెచ్ఐవీ వల్ల వ్యాపించిందీ కాదు. పాత కాలపు ఏదో మహమ్మారి దాన్ని పెంచిందేమో అని మశూచి, ప్లేగు వంటి వాటి మీద వాదాలు సాగాయి. ఇలాంటి విషయం మనకు కొత్త కాదు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోని గోండు మొదలైన ఆదివాసీ కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జన్యువు అందుకు దగ్గరి ఉదాహరణ. ఆ జన్యువు ఒక ప్రతి ఉన్నవారికి ప్రాణాంతక మలేరియా నుంచి గట్టి రక్షణ దొరుకుతుందని 1954లో తూర్పు ఆఫ్రికాలో జరిగిన పరిశోధన చూపించింది, మలేరియా తరాలుగా పీడించిన అడవి ప్రాంతాల్లోనే అది నిలిచి ఉండటానికి కారణం అదే. రెండు ప్రతులూ వచ్చిన బిడ్డకు మాత్రం అది రక్తహీనత, భరించలేని ఒళ్లునొప్పులు, అవయవాల దెబ్బగా పరిణమిస్తుంది. ఒక రోగం నుంచి కాపాడేది మరోచోట మూల్యం వసూలు చేయడం రోగనిరోధక వారసత్వంలో మామూలు. సీసీఆర్5 లేనివారికి వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు తీవ్రం కావచ్చని అమెరికాలో 2006లో గుర్తించారు.

సీసీఆర్5 పేరు అందరికీ తెలిసింది గానీ, నా ఉద్దేశంలో అంతకంటే ముఖ్యమైనది, మనందరికీ వర్తించేది, ఆరో క్రోమోజోము మీద ఉండే హెచ్ఎల్ఏ జన్యువుల సంగతి. ఈ పేరు మనవాళ్లకు పూర్తిగా అపరిచితం కాదు. కిడ్నీ మార్పిడికి, ఎముక మజ్జ మార్పిడికి దాతలను వెతికేటప్పుడు "మ్యాచింగ్" అని చేసే పరీక్ష వీటిదే. నడుము పట్టేసి పొద్దున లేవలేకపోతున్న యువకులకు కీళ్ల డాక్టర్లు రాసే హెచ్ఎల్ఏ-బి27 పరీక్ష కూడా వీటిలో ఒకదానిదే. తల్లి నుంచి ఒక వరుస, తండ్రి నుంచి ఒక వరుస కలిసి వస్తాయి కాబట్టి, ఇద్దరు తోబుట్టువుల హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే ఒకే కడుపున పుట్టిన వారిలో కూడా రోగనిరోధక వ్యవస్థ ఒకే తీరున ఉంటుందని చెప్పలేం. "వాళ్ల వంశంలో ఎవరికీ జబ్బులు రావు" అనే మాట ఇక్కడే నిలవకుండా పోతుంది.

హెచ్ఎల్ఏ చేసే పని ఇది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి చూసి వ్యాపారి బస్తా మొత్తాన్ని అంచనా కట్టినట్టే, మన శరీరంలోని ప్రతి కణమూ తన లోపల తయారవుతున్న ప్రొటీన్ల తునకలను కొన్నింటిని హెచ్ఎల్ఏ అణువుల మీద పెట్టి బయటకు చూపిస్తుంది, అటుగా తిరిగే సీడీ8 టీ కణాలు ఆ తునకలను బట్టి ఆ కణం మంచిదో, వైరస్ పట్టినదో తేల్చుకుంటాయి, వైరస్ పట్టినదైతే చంపేస్తాయి. ఏ తునకను పట్టుకుని చూపించగలదన్నది ఆ మనిషికి వారసత్వంగా వచ్చిన హెచ్ఎల్ఏ రకాన్ని బట్టి ఉంటుంది. హెచ్ఎల్ఏ-బి జన్యువు ఒక్కదానికే వేల రకాలున్నాయి. వాటిలో బి57, బి27 రకాలున్న చాలామందిలో హెచ్ఐవీ నెమ్మదిగా ముదురుతుంది, బి35లోని కొన్ని రకాలున్నవారిలో త్వరగా ముదురుతుంది.

ఎందుకన్నది నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అందంగా తోచే భాగం. హెచ్ఐవీ రోజూ వేల మార్పులతో తన రూపం మార్చుకుంటూ టీ కణాల కన్నుగప్పుతుంది. కానీ వైరస్ లోపలి కవచాన్ని కట్టే గాగ్ అనే ప్రొటీన్‌లో కొన్ని భాగాలను మారిస్తే ఆ కవచమే సరిగా కట్టుకోదు. బి27, బి57 రకాలు సరిగ్గా అలాంటి భాగాల తునకలనే పట్టుకుని చూపిస్తాయి. అప్పుడు వైరస్‌కు రెండు దారులే మిగులుతాయి. మారకుండా ఉంటే టీ కణాలకు దొరికిపోతుంది, మారితే తన పెరుగుదలను తానే దెబ్బతీసుకుంటుంది. బి27 ఉన్నవారిలో ఏళ్ల తరవాత వైరస్ మరోచోట ఇంకో మార్పు చేసుకుని ఆ నష్టాన్ని పూడ్చుకుని తప్పించుకోవడం, అప్పటిదాకా నిలకడగా ఉన్న రోగి ఒక్కసారిగా క్షీణించడం కూడా జరుగుతుంది. బి35 వంటి రకాలు వైరస్ సులువుగా మార్చుకోగల తునకలను చూపిస్తాయి కాబట్టి ఆ పోరాటం వైరస్‌కు అంత కష్టం కాదు. మందులు లేకుండానే వైరస్‌ను అదుపులో ఉంచుకున్నవారిని, అదుపు చేయలేకపోయినవారిని కలిపి మూడున్నర వేల మందికి పైగా పోల్చి చూసి 2010లో ప్రకటించిన అంతర్జాతీయ అధ్యయనం, మొత్తం జన్యుసంపుటిలో తేడాకు బలమైన కారణాలు ఈ హెచ్ఎల్ఏ ప్రాంతంలోనే ఉన్నాయని, అందులోనూ తునకను పట్టుకునే గాడిలోని కొన్ని అమైనో ఆమ్లాలే కీలకమని చూపించింది. ఇంత పెద్ద వ్యాధి గమనం ఆ గాడిలోని నాలుగైదు స్థానాల మీద అంతగా ఆధారపడి ఉండటం ఎన్నిసార్లు చదివినా నన్ను నిలబెట్టేస్తుంది.

తల్లి నుంచి వచ్చిన రకాలూ తండ్రి నుంచి వచ్చిన రకాలూ వేరువేరుగా ఉన్నవారికి చూపించగల తునకలు ఎక్కువ కాబట్టి వారిలో జబ్బు నెమ్మదిగా ముదురుతుందని 1999లో తేలింది. దీనికి జోడుగా తల్లీబిడ్డల విషయంలో 1998లో కనుగొన్న సంగతి కూడా చెప్పాలి. తల్లి నుంచి బిడ్డకు వైరస్ సోకడంలో, ఇద్దరి హెచ్ఎల్ఏ ఎంత ఎక్కువగా కలిస్తే బిడ్డకు ముప్పు అంత ఎక్కువ. తల్లి శరీరంలో ఉన్నన్నాళ్లూ ఆమె హెచ్ఎల్ఏకు దొరకకుండా తప్పించుకోవడం నేర్చుకున్న వైరస్, అదే హెచ్ఎల్ఏ ఉన్న బిడ్డలోకి సిద్ధమై వస్తుందన్నది దానికి ఒక వివరణ. ఇది విన్న ఏ తల్లీ భయపడవలసిన పని లేదు. చికిత్స లేనప్పుడు 15 నుంచి 45 శాతం దాకా ఉండే ఆ ముప్పు, గర్భవతిగా ఉన్నప్పుడే మందులు మొదలుపెట్టి బిడ్డకు కూడా మందు ఇస్తే 5 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. హెచ్ఎల్ఏ కలిసినా కలవకపోయినా ఈ మందులు పనిచేస్తాయి.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి. సీసీఆర్5 లోపం రెండు ప్రతుల్లోనూ ఉంటే, దాని ఆసరాతో దూరే వైరస్‌ను అసలు లోపలికే రానివ్వదు. హెచ్ఎల్ఏ తేడాలు ప్రధానంగా వైరస్ లోపలికి వచ్చాక జబ్బు వేగాన్ని నిర్ణయిస్తాయి. బి57 ఉన్న మనిషికి హెచ్ఐవీ సోకుతుంది, ఆయన నుంచి ఇతరులకూ సోకుతుంది. మందులు లేకుండా వైరస్‌ను పరీక్షల్లో కనిపించని స్థాయిలో ఉంచుకోగలిగినవారు పాజిటివ్ అయిన వారిలో నూటికి ఒకరి కంటే తక్కువ. బి57 ఉన్నవారందరూ వారిలో ఉండరు, వారందరికీ బి57 ఉండదు. "ఆయనకు సోకి పదిహేనేండ్లయినా ఏం కాలేదు, ఆయన ఒంట్లో శక్తి అట్లాంటిది" అని ఎవరి గురించి విన్నా, ఆ శక్తి ఆయన భాగస్వామికి రక్షణ ఇవ్వదని మనం పక్కనే అనుకోవాలి.

వారసత్వ తేడాలు ఇంకా ఉన్నాయి. సహజ హంతక కణాలనే మరో రకం తెల్లకణాల మీద సంకేతాలను అందుకునే కేఐఆర్ గ్రాహకాల్లోని రకాలు కొన్ని, హెచ్ఎల్ఏలోని నిర్దిష్ట రకాలతో కలిసినప్పుడు జబ్బును నెమ్మదింపజేస్తాయని 2002లో చూపారు. కణం లోపలే వైరస్‌ను చెడగొట్టే అపోబెక్3జీ అనే ప్రొటీన్ కూడా అదే ఏడాది బయటపడింది, కానీ హెచ్ఐవీ దగ్గర దాన్ని నాశనం చేసే విఫ్ అనే ఆయుధం సిద్ధంగా ఉంది. మనకు బాగా పరిచయమైన రీసస్ కోతి జాతిలో ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రొటీన్ హెచ్ఐవీని కణంలో అడుగుపెట్టగానే అడ్డుకుంటుందని 2004లో తెలిసింది. మనలో ఉన్న అదే ప్రొటీన్ ఆ పని సరిగా చేయలేదు. ఈ మహమ్మారి కోతులను వదిలి మనల్ని పట్టుకోవడానికి జాతుల మధ్య ఉన్న ఇలాంటి తేడాలూ కారణాలే.

వారసత్వం పాత్రను అతిగా ఊహించుకోకుండా మనల్ని ఆపేది నైరోబీ స్త్రీల చరిత్ర. ఆ నగరంలోని పుమ్వానీ ప్రాంతంలో సెక్స్ వర్కర్లుగా బతికే స్త్రీలను 1985 నుంచి కెనడా వైద్యుడు ఫ్రాంక్ ప్లమర్, ఆయన కెన్యా సహచరులు పరిశీలిస్తూ వచ్చారు. వైరస్‌కు అంతగా గురయ్యే ఆ బతుకులో కూడా కొందరు స్త్రీలు ఏళ్ల తరబడి నెగెటివ్‌గానే ఉండిపోయారు. వారిలో హెచ్ఐవీని గుర్తించే సీడీ8 టీ కణాలు కనిపించడంతో, పుట్టుకతో వచ్చిన తేడాలతో పాటు తరచుగా వైరస్‌కు గురికావడం వల్ల ఏర్పడిన రక్షణ కూడా ఉందని భావించారు. ఆ తరువాత వారిలో కొందరికి వైరస్ సోకింది. ఎవరికి సోకిందని చూస్తే, ఆ పనిని కొంతకాలం ఆపి మళ్లీ మొదలుపెట్టిన వారిలో ఎక్కువగా ఉందని 2001లో రాశారు. అంటే ఆ రక్షణ శాశ్వతం కాదు. ఇన్నేళ్లు నెగెటివ్‌గా ఉన్నాను కాబట్టి ఇక రాదు అనే భరోసాను ఆ స్త్రీల అనుభవం మిగల్చలేదు. ప్రపంచ వైద్యానికి తమ రక్తాన్ని ఇన్నేళ్లు ఇచ్చిన ఆ స్త్రీల పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది.

ఈ పరిశోధనల నుంచి మనిషికి చేకూరిన మేలు నిజమైనది. సీసీఆర్5ను మూసివేసే మారవిరాక్ అనే మందుకు అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. అదే ఏడాది బెర్లిన్‌లో, హెచ్ఐవీతో పాటు లుకేమియా అనే రక్త క్యాన్సర్ కూడా ఉన్న టిమోతీ రే బ్రౌన్‌కు వైద్యుడు గెరో హ్యూటర్, డెల్టా 32 రెండు ప్రతులూ ఉన్న దాతను వెతికి మజ్జ మూలకణాల మార్పిడి చేయించాడు. 2008లో అదే దాత నుంచి రెండోసారి చేయవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన హెచ్ఐవీ మందులు వాడకుండానే వైరస్ లేకుండా బతికి, 2020లో లుకేమియా తిరగబెట్టి చనిపోయాడు. లండన్‌లోని ఆడమ్ కాస్టిలేహో విషయంలోనూ ఇలాగే జరిగిందని 2019లో తెలిసింది. అయితే మామూలు సీసీఆర్5 ఉన్న దాత నుంచి మజ్జ పొందిన జెనీవా రోగిలోనూ వైరస్ తిరిగి రాలేదని 2023లో, ఒక్క ప్రతి మాత్రమే మారిన దాత నుంచి పొందిన మరో బెర్లిన్ రోగిలోనూ తిరిగి రాలేదని 2024లో వెల్లడైంది. ఈ విజయాలన్నిటికీ ఒక్క జన్యువు లేకపోవడమే కారణం కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. వీరందరూ రక్త క్యాన్సర్ల వంటి ప్రాణాంతక జబ్బుల వల్ల ఆ మార్పిడికి సిద్ధపడినవారు. ఆ చికిత్సలోనే ప్రాణాపాయం ఎక్కువ కాబట్టి, రోజుకొక మాత్రతో నిండు జీవితం గడపగల వ్యక్తికి అది తగినది కాదు.

చైనాలో హ జియాన్‌కుయి అనే శాస్త్రవేత్త పిండదశలోనే సీసీఆర్5ను కత్తిరించి కవల ఆడపిల్లలను పుట్టించానని 2018 నవంబరులో ప్రకటించాడు. ఆ పిల్లల తండ్రి పాజిటివ్. అలాంటి తండ్రి నుంచి బిడ్డకు వైరస్ రాకుండా చూడటానికి వీర్యకణాలను శుద్ధి చేసే సాధారణ పద్ధతే సరిపోతుంది. ఆయన చేసిన కోతలు అచ్చమైన డెల్టా 32 కూడా కాదు. అక్కడి న్యాయస్థానం ఆయనకు మూడేళ్ల జైలు విధించింది. అది చాలా తప్పు పని అని నేను స్పష్టంగా అనుకుంటున్నాను. అవసరం లేని చోట, ఫలితం తెలియని మార్పును, తమ మాట చెప్పుకోలేని పసివాళ్ల మీద రుద్దడం అది.

వారసత్వ పరిజ్ఞానం రోగికి సూటిగా ఉపయోగపడేది మరోచోట ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిల్లల చికిత్సలో ఎక్కువగా వాడే అబాకవిర్ అనే మందు, హెచ్ఎల్ఏ-బి57లో ఒక నిర్దిష్ట రకం, అంటే బి57:01, ఉన్న కొందరిలో తీవ్రమైన ప్రతిచర్యను కలిగిస్తుంది. జ్వరం, ఒంటిపై దద్దు, వాంతులు, ఆయాసం కనిపించి, మందు ఆపి మళ్లీ వేసుకుంటే ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంటుంది. ముందుగా ఈ రకాన్ని పరీక్షించి, ఉన్నవారికి ఆ మందు ఇవ్వకపోతే ఈ ప్రమాదాన్ని తప్పించవచ్చని 2008లో పెద్ద అధ్యయనం నిరూపించింది. హెచ్ఐవీని నెమ్మదింపజేసే జన్యువే ఆ వైరస్‌కు ఇచ్చే మందును పడనివ్వదు. బి27 కూడా అంతే. హెచ్ఐవీ విషయంలో మేలు చేసే ఆ రకమే వెన్నెముక బిగుసుకుపోయే జబ్బుకు ముప్పు పెంచుతుంది, అయినా బి27 ఉన్నవారిలో చాలామందికి ఆ జబ్బు రాదు. కాబట్టి ల్యాబ్ నివేదికలో ఒక జన్యువు పేరు చూసి, ఇది మంచి రక్తం, ఇది చెడ్డ రక్తం అని విభజించడం నాకు ఎన్నడూ సబబుగా అనిపించలేదు.

తెలంగాణలో హెచ్ఐవీ ఉన్నవారి శాతం జాతీయ సగటు కంటే ఎక్కువ. ఈ నేలలో రక్తం గట్టిదన్న నమ్మకం ఎక్కడ దెబ్బ తీస్తుందో నేను చూశాను. నెగెటివ్ వచ్చిన భార్య మళ్లీ పరీక్షకు వెళ్లదు, నాకేం కాదులే అంటుంది. పాజిటివ్ అయిన భర్త ఒంట్లో బాగానే ఉందని మందులు మధ్యలో ఆపేస్తాడు. అత్తింట్లో మాత్రం, కొడుకు పాజిటివ్ అయి కోడలు నెగెటివ్ అయితే, ఆ నెగెటివ్ రిపోర్టే కోడలి మీద నిందకు ఆధారమవుతుంది. కొడుకును ఆమె సరిగా చూసుకోలేదు కాబట్టే వాడు బయట తిరిగాడన్న మాట నేను స్వయంగా విన్నాను. ఇలాంటి మాటలన్నిటికీ జన్యుశాస్త్రం ఒకే సమాధానం చెబుతుంది. ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అన్నదానికి వైరల్ లోడ్, కలయికల సంఖ్య, ఇతర సుఖవ్యాధులు ఉండటం లేకపోవడం, కొంత వారసత్వం, కొంత కేవలం యాదృచ్ఛికత కలిసి కారణమవుతాయి, వాటిలో మనిషి గుణానికి సంబంధించింది ఏదీ లేదు. 2017లో పార్లమెంటు చేసి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు, పాజిటివ్ అన్న కారణంతో ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్ష చూపకూడదు.

ప్రైవేటు జన్యు పరీక్ష చేయించుకుని డెల్టా 32 ఉందో లేదో తెలుసుకోవచ్చా అని ఈ మధ్య ఒక విద్యార్థి అడిగాడు. తెలుసుకోవచ్చు. మన ప్రాంతంలో లేదనే వచ్చే అవకాశం దాదాపు ఖాయం. ఉందని వచ్చినా అది సీఎక్స్‌సీఆర్4 ఆసరాతో దూరే వైరస్‌ను ఆపదు, హెపటైటిస్ బి, సిఫిలిస్ వంటి వాటి నుంచి కాపాడదు. ఒకరు పాజిటివ్, ఒకరు నెగెటివ్ అయిన జంటకు ఆ డబ్బుతో పనిలేదు. 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఏఆర్‌టీ మందులు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని కేంద్రంలో దొరుకుతాయి, వైరల్ లోడ్ పరీక్ష కూడా ఉచితమే. నెగెటివ్ అయిన వ్యక్తి సమీపంలోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రంలో, క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. వైరస్‌కు గురై ఉండవచ్చని తెలిస్తే 72 గంటల్లోపు మొదలుపెట్టవలసిన నివారణ మందు కోసం ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఎటు వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్ చేయవచ్చు, ఆ కాల్‌కు డబ్బులు పడవు.